వనరక్షకుల గురువు – డీట్రిక్ బ్రాండిస్

అడవిని కాపాడవలసిన బాధ్యత రాజుదేనన్న భావన మన దేశంలో అతి ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అటవీ ద్రవ్యాలను చూసుకొనే కుప్యాధ్యక్షుడున్నాడు. ఏనుగులు సంచరించే వనాలకు ప్రత్యేకంగా ఒక అధ్యక్షుడున్నాడు. ఏనుగును చంపినవానికి మరణదండన విధించాలని ఆ గ్రంథం శాసించింది. నాగవనాధిపతికి తోడుగా అడవి గుట్టుమట్లు తెలిసిన వనచరులు ఉండాలని కూడా చెప్పింది. అంటే అడవిని రక్షించడానికి ఒక్క అధికారం చాలదనీ, అడవిని గురించిన తెలివిడి కూడా అవసరమనీ ఆనాటివారు గుర్తించారన్నమాట. మరి ఆ తెలివిడి ఎలా అబ్బుతుంది? వనరక్షకుడు ఏమేమి చదవాలి? ఎవరి వద్ద నేర్చుకోవాలి? ఆధునిక కాలంలో ఈ ప్రశ్నలకు సమాధానం వెదకి, అందుకు తగిన విద్యావ్యవస్థకు మన గడ్డపై పునాది వేసినవాడు జర్మనీ దేశీయుడైన సర్ డీట్రిక్ బ్రాండిస్.

బ్రాండిస్ 1824 మార్చి 31న జర్మనీలోని బాన్ నగరంలో జన్మించాడు. తండ్రి క్రిస్టియన్ ఆగస్ట్ బ్రాండిస్ తత్త్వశాస్త్రంలో పేరుగాంచిన ఆచార్యుడు. గ్రీసు దేశపు రాజు ఒట్టోకు సలహాదారుగా ఆయన ఏథెన్స్ నగరానికి వెళ్ళినప్పుడు కుటుంబం కూడా వెంట వెళ్ళింది. అందువల్ల బ్రాండిస్ బాల్యంలో కొంతభాగం గ్రీసులో గడిచింది. కోపెన్‌హాగన్, గోటింగెన్, బాన్ విశ్వవిద్యాలయాలలో ఆయన విద్యాభ్యాసం సాగింది. వృక్షశాస్త్రంలో డాక్టరేటు పొంది, బాన్‌లోనే అధ్యాపకుడయ్యాడు. పరిశోధన, పాఠం, గ్రంథాలయం – ఈ మూడింటి నడుమ ప్రశాంతంగా గడచిపోవలసిన జీవితం అది. అయితే విధి ఆయనను వేరొక దారికి మళ్ళించింది.

1854లో ఆయన రేచల్ మార్ష్‌మన్‌ను వివాహమాడాడు. ఆమె బెంగాలులోని శ్రీరామపురంలో అచ్చుయంత్రాలు నెలకొల్పి, భారతీయ భాషలలో గ్రంథాలు ముద్రించిన క్రైస్తవ మతబోధకుల్లో ఒకడైన జాషువా మార్ష్‌మన్ కుమార్తె. ఆమె సోదరిని వివాహమాడిన హెన్రీ హావ్‌లాక్ ఈస్టిండియా కంపెనీ పాలకులకు సన్నిహితుడైన సేనాని. ఈ బంధుత్వం మూలంగా బ్రాండిస్ పేరు గవర్నర్ జనరల్ డల్హౌసీ చెవినబడింది. 1852లో ఆంగ్లేయులు బర్మాలోని పెగూ ప్రాంతాన్ని వశపరచుకున్నారు. అక్కడి టేకు అడవులను పర్యవేక్షించడానికి ఒక వృక్షశాస్త్రవేత్త కావలసివచ్చాడు. 1856లో ఆ ఉద్యోగం బ్రాండిస్‌కు లభించింది. అప్పటికి ఆయన వయస్సు 31 ఏళ్ళు. చెట్లను గురించి ఆయనకు ఎంతో తెలుసు. కాని అడవిని నిర్వహించే విద్యలో ఆయనకు ఏ పట్టా లేదు.

ఆ కాలంలో టేకుకు ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఇంగ్లండు యుద్ధనౌకలకు అది కావాలి. రంగూను వర్తకులకు అది బంగారం వంటిది. తెలిసిన పద్ధతి ఒక్కటే: దొరికిన చోటెల్లా నరకడం, నదిలో తేలవేసి రేవుకు చేర్చడం. అడవిలో ఎన్ని చెట్లున్నాయో, ఏటా ఎన్ని పెరుగుతున్నాయో ఎవరికీ తెలియదు. బ్రాండిస్ ముందుగా చేపట్టిన పని లెక్కించడం. ఇంటి యజమాని తన గాదెలో ఎంత ధాన్యమున్నదో తెలుసుకోకుండా ఏడాదికి ఎంత ఖర్చు చేయవచ్చునో నిర్ణయించుకోలేడు కదా! అడవి విషయమూ అంతేనని ఆయన భావించాడు.

ఆ లెక్కింపు సాగిన తీరు విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. దారులు లేని కొండలలో ఏనుగునెక్కి ఆయన ప్రయాణించేవాడు. వానలో, బురదలో కాగితాలు నిలవవు. అందుచేత చిన్న వెదురు ముక్కలను చేతబట్టుకొనేవాడు. దారికిరువైపులా కనబడిన టేకు చెట్లను వాటి చుట్టుకొలతను బట్టి తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క వెదురు ముక్క కేటాయించి, చెట్టు కనబడినప్పుడల్లా దానిపై కత్తితో ఒక గాటు పెట్టేవాడు. సాయంత్రం గుడారం చేరిన తరువాత ఆ గాట్లను లెక్కించి పుస్తకంలో వ్రాసుకొనేవాడు. ఇలా నడచిన దారి పొడవునుబట్టి అడవి మొత్తంలోని చెట్ల సంఖ్యను అంచనా వేశాడు. ఆరడుగుల చుట్టుకొలతకు ఎదిగిన చెట్లనే కొట్టాలనీ, వాటిలోనూ ఏడాదికి కొన్నింటినే కొట్టాలనీ నియమం చేశాడు. కొట్టినంత మేరకు చిన్నచెట్లు ఎదిగి ఆ స్థానాన్ని భర్తీ చేయాలన్నది ఆయన సూత్రం. ఈ పని మూలంగా ఆయన పలుమార్లు చలిజ్వరం పాలయ్యాడు. లాభానికి అడ్డు తగిలినందుకు కలప వర్తకుల ఆగ్రహానికీ గురియయ్యాడు. అయినా లెక్క మానలేదు.

బర్మా కొండలలో కరెన్ జాతివారు నివసిస్తారు. మన మన్యంలోని గిరిజనులు పోడు వ్యవసాయం చేసినట్లే వారు కూడా కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో ధాన్యం చల్లేవారు. అడవికి వారే శత్రువులని అధికారులలో చాలామంది అభిప్రాయం. బ్రాండిస్ వారిని తరిమివేయడానికి పూనుకోలేదు. పోడు చేసుకున్న నేలలో ధాన్యంతో పాటు టేకు మొక్కలు కూడా నాటించే పద్ధతిని ప్రోత్సహించాడు. పంట కోసుకొని వారు మరొక చోటికి తరలిపోయేసరికి ఆ నేలలో టేకుతోట మొలచి ఉండేది. బర్మా భాషలో కొండపొలానికి తౌంగ్యా అని పేరు. అదే పేరుతో ఈ విధానం తరువాతి కాలంలో అనేక దేశాలకు వ్యాపించింది. అడవిలో ఉండేవారిని కలుపుకొనిపోతేనే అడవి నిలుస్తుందన్న పాఠం ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ చదివినది కాదు. కరెన్ పల్లెలలో నేర్చుకున్నది.

ఇంతలో భారతదేశంలో రైలుమార్గాల నిర్మాణం ముమ్మరమయింది. పట్టాల కింద పరచడానికి ఒక్కొక్క మైలుకు వెయ్యిన్నరకు పైగా స్లీపరు దిమ్మెలు కావాలి. హిమాలయాలలోని దేవదారు మొదలు దక్షిణాదిలోని టేకు, సాల వృక్షాల వరకు గొడ్డలి వేటుకు గురికాని అడవి లేకపోయింది. కలప కరవు తప్పదని గ్రహించిన ప్రభుత్వం 1862లో బ్రాండిస్‌ను బర్మా నుండి పిలిపించింది. 1864లో అటవీశాఖ ఏర్పడింది. బ్రాండిస్ దానికి మొట్టమొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. అప్పటికే మద్రాసు రాజధానిలో అడవుల సంరక్షణకు కృషి చేసి పేరుపొందిన వైద్యుడు హ్యూ క్లెగ్‌హార్న్ ఈ తొలి రోజులలో ఆయనకు తోడ్పడ్డాడు. అంతకు ముందు సంవత్సరమే భార్య రేచల్ మరణించింది. ఆ దుఃఖాన్ని దిగమింగుకొని ఆయన పదవీ బాధ్యతలు చేపట్టాడు.

శాఖ ఏర్పడింది గాని పనివారేరి? ఆనాటి అటవీ ఉద్యోగులలో అధికులు సైన్యం నుండో, వైద్యశాఖ నుండో వచ్చినవారు. వారిలో సమర్థులు లేకపోలేదు. అయితే చెట్టు వయస్సు నిర్ణయించడం, అడవిని కొలిచి పటం గీయడం, నరికిన చోట తిరిగి మొలిపించడం – ఇవి వేట సరదా ఉన్నంత మాత్రాన అబ్బే విద్యలు కావు. ఇంగ్లండులో ఆ రోజులలో అటవీ విద్యాలయమే లేదు. అందువల్ల బ్రాండిస్ 1866లో ఐరోపాకు వెళ్ళి, భారతదేశంలో అటవీ ఉద్యోగాలకు ఎంపికయ్యే యువకులు జర్మనీలోను, ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలోను శిక్షణ పొందడానికి ఏర్పాట్లు చేశాడు. విలియం ష్లిక్, బెర్తోల్డ్ రిబెన్‌ట్రాప్ అనే ఇద్దరు జర్మన్ యువ నిపుణులను ఈ దేశానికి రప్పించాడు. ఆయన తరువాత వారిద్దరూ ఒకరి వెంట ఒకరు అదే ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవిని అలంకరించారు.

పై అధికారులు ఎంతటి విద్వాంసులైనా, అడవిలో ప్రతిదినం తిరిగేది కిందిస్థాయి ఉద్యోగులే. వారికి చదువు లేకపోతే శాఖ కాళ్ళు లేని దేహమవుతుంది. పైగా ఆ ఉద్యోగాలు ఈ దేశపు యువకులకే దక్కాలనీ, వారికి ఈ దేశంలోనే శిక్షణ లభించాలనీ బ్రాండిస్ వాదించాడు. ఆ వాదం ఫలితమే 1878లో డెహ్రాడూన్‌లో వెలసిన అటవీ పాఠశాల. దానికి తొలి అధిపతి కెప్టెన్ బెయిలీ. అక్కడి బోధన నాలుగు గోడలకు పరిమితం కాలేదు. ఏడాదిలో కొన్ని నెలలు తరగతి గదిలో వృక్షశాస్త్రం, గణితం, భూమి కొలత, అటవీ చట్టం వంటి విషయాలు నేర్చుకొని, మిగిలిన నెలలు అడవిలో గుడారాలలో గడిపి, చదివినదానిని చేతులతో చేసి చూడాలి. బర్మాలో వెదురు ముక్కలతో తాను నేర్చుకున్న పద్ధతినే ఆయన పాఠ్యప్రణాళికగా మలిచాడనవచ్చు. అయితే ఆ పాఠశాల భారతీయులను రేంజరు స్థాయి వరకే తయారుచేసింది. ఉన్నత పదవులు చాలాకాలం ఐరోపావారి చేతులలోనే ఉండిపోయాయి. పాలకుల ఉదారతకు ఆనాడు ఉన్న ఎల్లలవి.

విద్యతో పాటు చట్టం కూడా బ్రాండిస్ జీవితంలో ప్రధానాంశమే. 1865లో తొలి అటవీ చట్టం వచ్చింది. అది అసమగ్రంగా ఉండడంతో మరొక చట్టం కోసం పదేళ్ళకు పైగా చర్చ సాగింది. అడవులన్నీ ప్రభుత్వ ఆస్తియేననీ, ప్రజలు అనుభవిస్తున్నవి హక్కులు కావనీ, పాలకులు చూపిన దయ మాత్రమేననీ బేడెన్-పావెల్ వంటి అధికారులు వాదించారు. అడవులు తరతరాలుగా గ్రామస్థులు అనుభవిస్తున్నవేనని మద్రాసు రెవిన్యూ బోర్డు వాదించింది. బ్రాండిస్ ఈ రెంటికీ నడిమి మార్గం సూచించాడు. విలువైన అడవులను ప్రభుత్వం రక్షించాలి. ప్రతి గ్రామానికి వంటచెరకు, పశువుల మేత, కలప లభించేందుకు గ్రామ వనాలుండాలి. వాటి నిర్వహణ గ్రామస్థులే చూసుకోవాలి. కొడగులోని దేవరకాడులను, దేవతల పేరిట ప్రజలు కాపాడుకొంటూ వస్తున్న ఇతర పవిత్ర వనాలను ఆయన శ్రద్ధగా పరిశీలించాడు. అడవిని కాపాడుకోవడం ఈ దేశ ప్రజలకు కొత్త కాదని ఆయనకు తెలుసు.

1878 చట్టం అడవులను రిజర్వు అడవులు, రక్షిత అడవులు, గ్రామ అడవులు అని మూడు విధాలుగా విభజించింది. రిజర్వు అడవిలో అనుమతి ఉన్నది తప్ప మరేదీ చేయరాదు. రక్షిత అడవిలో నిషేధించినది తప్ప మిగిలినవి చేసుకోవచ్చు. రిజర్వు అడవులలో నియమాలకు విరుద్ధంగా వేటాడడం, ఉచ్చులు పన్నడం నేరమయింది. నేరస్థుని పట్టుకొనే అధికారం, అక్రమంగా నరికిన కలపను స్వాధీనం చేసుకొనే అధికారం అటవీ ఉద్యోగికి దక్కాయి. మరుసటి సంవత్సరమే ఏనుగుల సంరక్షణ చట్టం వెలువడింది. ఈ విధంగా చెట్లను లెక్కించే ఉద్యోగి క్రమంగా వన్యప్రాణులను కాచే చట్టరక్షకుడు కూడా అయ్యాడు. కాని బ్రాండిస్ ఎంతగానో కోరిన గ్రామ వనాలు చాలాచోట్ల కాగితాలకే పరిమితమయ్యాయి. రిజర్వు అడవుల సరిహద్దులు మాత్రం ఏటేటా విస్తరించాయి.

1878 చట్టం మద్రాసు రాజధానికి వర్తించలేదు. ఆ రాజధాని కోసం ప్రత్యేక చట్టం రూపొందించడంలో సహాయపడడానికి 1881లో బ్రాండిస్‌ను అక్కడికి పంపారు. నేటి కోస్తా, రాయలసీమ ప్రాంతాలు ఆనాడు ఆ రాజధానిలోనివే. అప్పటికే గోదావరి మన్యంలో ప్రజల గుండెలు మండుతున్నాయి. కల్లుపై పన్ను, పోడుపై ఆంక్షలు, ముఠాదారుల హక్కులకు భంగం, వర్తకుల దోపిడీ – ఇవన్నీ కలిసి 1879లో రంపలో తిరుగుబాటుగా రగుల్కొన్నాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం అమలులోకి వచ్చింది. కిందిస్థాయి అటవీ ఉద్యోగుల దౌర్జన్యం, లంచగొండితనం కొండప్రజల నిత్యానుభవమయ్యాయి. పుట్టిన అడవిలోనే కట్టెపుల్ల ముట్టుకుంటే అపరాధమయింది. నలభై ఏళ్ళ తరువాత 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం మళ్ళీ భగ్గుమనడానికి గల కారణాలలో ఈ అటవీ నిర్బంధాలు ముఖ్యమైనవి. ఆ వీరుడు 1924 మే 7న పాలకుల తుపాకి గుండ్లకు బలియయ్యాడు. బ్రాండిస్ ఉద్దేశం ఏదైనా, ఆయన తీర్చిదిద్దిన శాఖ పరాయి ప్రభుత్వపు చేతిలో ఆయుధమయిందన్న సత్యాన్ని చరిత్ర మరువదు. ప్రజల బాధను అర్థం చేసుకొనే గుణం కొరవడిన ఉద్యోగి చేతిలో మంచి చట్టం కూడా కొరడాగా మారుతుంది. వనరక్షకుని చదువులో మానవత్వం ఎందుకు ఉండాలో మన మన్యం చరిత్రే చెబుతుంది.

1883లో బ్రాండిస్ పదవీ విరమణ చేసి బాన్‌కు తిరిగివెళ్ళాడు. కాని ఆయనలోని గురువు విశ్రమించలేదు. అటవీ విద్య నేర్చే ఆంగ్ల విద్యార్థులను ఏటా జర్మనీ, ఫ్రాన్సు అడవులలో తిప్పుతూ పాఠాలు చెప్పేవాడు. ఒకనాడు గిఫర్డ్ పింఛాట్ అనే అమెరికా యువకుడు ఆయనను వెదుక్కుంటూ వచ్చాడు. అమెరికాలో అప్పటికి అటవీ శాస్త్రం నేర్పే విద్యాలయం లేదు. నాన్సీలో చేరి చదవమని బ్రాండిస్ అతనికి దారి చూపాడు. లేఖల ద్వారా ఎన్నో ఏళ్ళు మార్గదర్శనం చేశాడు. ఆ శిష్యుడే 1905లో అమెరికా అటవీ సేవకు మొదటి అధిపతి అయ్యాడు. అతని కుటుంబం ఇచ్చిన విరాళంతోనే 1900లో యేల్ విశ్వవిద్యాలయంలో అటవీ విద్యాలయం నెలకొన్నది. బర్మా కొండలలో మొలకెత్తిన విద్య ఈ విధంగా ఖండాంతరాలలో శాఖోపశాఖలుగా విస్తరించింది.

వార్ధక్యంలో ఆయన మళ్ళీ తన తొలిప్రేమ అయిన వృక్షశాస్త్రానికి మరలాడు. ఎన్నో ఏళ్ళు శ్రమించి, భారతదేశపు చెట్లను, పొదలను, తీగలను, వెదురు జాతులను, తాటి జాతులను వివరించే బృహద్గ్రంథాన్ని 1906లో వెలువరించాడు. అప్పటికాయన ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధుడు. మరుసటి ఏడు 1907 మే నెలలో బాన్ నగరంలోనే కన్నుమూశాడు. ఒక వెదురు జాతి శాస్త్రీయ నామంలో ఆయన పేరు నేటికీ నిలిచి ఉంది. ఒకప్పుడు వెదురు ముక్కపై గాట్లు పెట్టి అడవిని లెక్కించిన వానికి ఇంతకంటె తగిన స్మారకం మరొకటి ఉండదు.

స్వాతంత్ర్యానంతరం మన దేశం ఆ వ్యవస్థను తన అవసరాలకు అనుగుణంగా మలచుకుంది. 1966లో భారత అటవీ సేవ తిరిగి ఏర్పడింది. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం, భూగర్భశాస్త్రం వంటి శాస్త్రవిషయాలతో గాని, వ్యవసాయం, అటవీశాస్త్రం, పశువైద్యం, ఇంజనీరింగులలో గాని పట్టభద్రులైనవారు అఖిల భారత పోటీ పరీక్ష ద్వారా ఈ సేవలో ప్రవేశిస్తారు. వారికి శిక్షణ లభించేది డెహ్రాడూన్‌లోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అటవీ అధికారులకు సోదా చేసే అధికారం, అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. 1982లో డెహ్రాడూన్‌లోనే భారత వన్యప్రాణి సంస్థ వెలసింది. వన్యప్రాణుల అక్రమ వాణిజ్యాన్ని అరికట్టడానికి 2007లో ప్రత్యేక సంస్థ ఒకటి ఏర్పడింది. బ్రాండిస్ కోరిన గ్రామస్థుల హక్కులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆలస్యంగానైనా గుర్తింపునిచ్చింది.

తెలుగు రాష్ట్రాలలో అటవీ బీటు అధికారి ఉద్యోగానికి ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత కనీస విద్యార్హత. సెక్షను అధికారికి, రేంజి అధికారికి పట్టభద్రత కావాలి. వ్రాత పరీక్షతో పాటు నడక పరీక్ష కూడా ఉంటుంది. పురుషులు నాలుగు గంటలలో 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు నడవాలి. ఎంపికైన వారికి వృక్షాలను, జంతువులను గుర్తించడం, పాదముద్రలను పరిశీలించడం, చట్టాలను తెలుసుకొని నేరాన్ని న్యాయస్థానంలో నిరూపించడం నేర్పుతారు. పులి చర్మం పట్టుబడినా, సాక్ష్యం సరిగా సేకరించకపోతే దోషి తప్పించుకుంటాడు. అడవి బిడ్డ ఆకలితో ఏరుకున్న పుల్లకూ, దొంగల ముఠా తరలించుకుపోయే ఎర్రచందనం దుంగకూ గల తేడా తెలియకపోతే నిర్దోషి బలియవుతాడు. ఈ రెండు పొరపాట్లనుండీ వనరక్షకుని కాపాడేది చదువే.

పుస్తకం చేత, నడిచే కాళ్ళ చేత, తోటివారి బాధ తెలిసిన మనస్సు చేత వనరక్షకుడు తయారవుతాడు. బ్రాండిస్ జీవితంలో మొదటి రెండూ పుష్కలంగా ఉన్నాయి. మూడవదానికోసం ఆయన తన పాలకులతో వాదించి కొంత గెలిచాడు, చాలా ఓడాడు. ఆ ఓడిన భాగాన్ని పూర్తిచేయవలసిన బాధ్యత, నల్లమలలోనో శేషాచలంలోనో మన్యంలోనో రేపు ఖాకీ దుస్తులు ధరించి నడిచే యువతరానిది.